మూడో సిలిండర్ బిగ్ ఎండ్ క్లియరెన్స్ ఒక చివర ఒకలా, ఇంకో చివర ఇంకోలా వస్తోంది

నట్టూబోల్టూ
1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, పాత ఓనర్ దాన్నేం చేశాడో తెలీదు. బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ వదిలితే కింద నుంచి టకటకమని సౌండ్. ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకుమంటోంది. మూడో సిలిండర్ కాయిల్ కనెక్టర్ పీకేస్తే సౌండ్ బాగా తగ్గుతోంది.

ఇంజన్ దించలేదు. ఆయిల్ పాన్ ఊడదీసి, ఒక్కో కనెక్టింగ్ రాడ్ కింది చివర (బిగ్ ఎండ్) క్యాప్ విప్పి, లోపలి బేరింగ్ షెల్‌కీ క్రాంక్ పిన్‌కీ మధ్య సందు (క్లియరెన్స్) ఎంతో ఆకుపచ్చ ప్లాస్టీగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే సన్నటి మైనం ముక్క) పెట్టి చూశా. ఒకటోది 0.038, రెండోది 0.038, నాలుగోది 0.051 మి.మీ. మూడోది మాత్రం ఫ్లైవీల్ వైపు చివర 0.076, టైమింగ్ చైన్ వైపు చివర 0.038. ఒకే ముక్క, ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా నలిగింది. విప్పి మళ్ళీ పెట్టినా అంతే. మాన్యువల్‌లో 0.020 నుంచి 0.050, గరిష్ఠం 0.070 అని ఉంది.

నేను పెట్టడంలో తేడానా, లోపలే తేడానా?

గ్రీజు_చొక్కా
పాత ఓనర్ ఏం చేశాడో ఆ మూడో రాడ్‌కి తెలుసు. దాన్నే అడగాలి.

టార్క్_తమ్ముడు
వెడల్పుగా నలిగిన చివరే కదా లూజు? అంటే టైమింగ్ వైపు లూజు అన్నమాట?

రెంచ్_రాణి
తిరగేశావు తమ్ముడూ. సందు తక్కువ ఉంటే మైనం ఎక్కువ నలిగి వెడల్పవుతుంది. సన్నగా మిగిలిందంటే అక్కడ సందు ఎక్కువ. కవర్ మీద స్కేల్ చూడు, వెడల్పు గీత పక్కన చిన్న నంబరే ఉంటుంది.

@నట్టూబోల్టూ, పెట్టేముందు పిన్నూ షెల్లూ ఆయిల్ లేకుండా తుడిచావా? అది ఆయిల్‌లో కరుగుతుంది. ఒక చివర తడి ఉంటే అక్కడ సన్నగా కనిపించొచ్చు. ఇంకోటి, బిగించాక క్రాంక్ కదిలిందా?

నట్టూబోల్టూ
బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చాకే పెట్టా. క్రాంక్ కదలకుండా గేర్‌లో ఉంచి చక్రాలకి అడ్డం కూడా పెట్టా. మైనం ముక్క క్యాప్‌లోని షెల్ మధ్యలో, పిన్ పొడవు వెంట పెట్టా.

డీజిల్_బాబాయ్
నాలుగు మాటలు చెప్తా. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పొయ్యి, సౌండ్ పోతుంది, లైటూ ఆరుతుంది. ఇంకా ఉంటే ఆ మూడో క్యాప్ ఫేసుని సన్నటి ఆకురాయితో రెండు రుద్దులు రుద్దు, టైట్ అయిపోతుంది. మా రోజుల్లో ఇలాగే నడిపించాం, అన్నీ నడిచాయి.

రెంచ్_రాణి
బాబాయ్, ఆ రోజుల్లో షెల్సే లేని, రాడ్‌లోనే తెల్ల లోహం పోసిన ఇంజన్లు కూడా ఉండేవి. వాటికి షిమ్‌లు (పలచటి రేకులు) తీసి క్లియరెన్స్ సర్దేవాళ్ళు. ఇది షెల్ ఇంజన్. క్యాప్ రుద్దితే బోరు గుండ్రం పోతుంది, పైనా కిందా బిగిసి పక్కలకి లూజవుతుంది. షెల్ వెనక రేకు ముక్క పెట్టే సలహా కూడా మీ దగ్గర రెడీగా ఉందనుకుంటా, అదీ వద్దు.

డీజిల్_బాబాయ్
రేకు గురించి రెండో పోస్టులో చెప్దామనుకున్నా :)

మైక్రాన్_మాస్టారు
చిక్కటి ఆయిల్ గురించి ఒక మాట. బేరింగ్ అంచుల్లోంచి బయటికి కారే ఆయిల్ క్లియరెన్స్ ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారేది దాదాపు ఎనిమిది రెట్లు. దాన్ని ఆయిల్ గ్రేడు మార్చి పట్టుకోలేరు. లైటు ఆరుతుందేమో గానీ, పిన్ మీద ఆయిల్ పొర నిలబడుతుందని కాదు. చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ మిగతా మూడు మంచి బేరింగ్‌లకి లేటుగా చేరుతుంది, అది అదనపు నష్టం.

ఇక అసలు విషయం. మూడు ప్రశ్నలు:
కొలిచింది పాత షెల్స్‌తోనా, కొత్తవాటితోనా?
బోల్టులు పూర్తి టార్క్‌కి బిగించారా?
ఆ మూడో జత షెల్స్ ఇప్పుడు చేతిలో ఉంటే ఎలా ఉన్నాయో రాయండి. పై షెల్, కింది షెల్ విడివిడిగా. రీడింగ్ కన్నా నాకు అదే ముఖ్యం.

రెండోగేరు
మాస్టారు వచ్చేశారు, ఇక నాలుగు పేజీలు గ్యారంటీ. *కూర్చున్నా*

నట్టూబోల్టూ
పాత షెల్సే మాస్టారూ. మాన్యువల్‌లో 20 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. డిగ్రీలు కూడా యాంగిల్ గేజ్ పెట్టే తిప్పా. షెల్స్ కడిగి లైటు కింద పెట్టి చూసి రాస్తా.

టార్క్_తమ్ముడు
ఆగండి. డిగ్రీలతో బిగించే బోల్టులంటే సాగే బోల్టులు కదా? ఒకసారి బిగిస్తే పారెయ్యాలంటారు. చెకింగ్‌కే వాడేస్తే ఎలా?

రెంచ్_రాణి
చెకింగ్ పాత బోల్టులతో, ఫైనల్ కొత్త బోల్టులతో. అందుకే పాతవి అప్పుడే పారెయ్యకూడదు. కొత్తవి పెట్టి చెక్ చేశావంటే చివర్లో ఇంకో సెట్ కొనుక్కోవాలి.

కొలతే_దైవం
అసలు ఈ మైనం ముక్కని నమ్ముకుని ఇంత చర్చా? స్కేల్ మీద 0.038 తర్వాత గీత 0.051, దాని తర్వాత 0.076. మధ్యలో ఉంటే మనమే ఊహించుకోవాలి. పిన్ను మైక్రోమీటర్‌తో, షెల్స్ వేసి బిగించిన బోరుని డయల్ బోర్ గేజ్‌తో కొలిచి తీసేస్తే వచ్చేదే క్లియరెన్స్. మిగతావన్నీ కాలక్షేపం.

రెంచ్_రాణి
బండి కింద పడుకుని, క్రాంక్ లోపలే ఉండగా బోర్ గేజ్ ఎలా పెడతారో కొంచెం చూపిస్తారా? రాడ్ పిన్ మీదే ఉంది.

కొలతే_దైవం
ఇంజన్ దించాలి మరి.

గ్రీజు_చొక్కా
"బ్యాటరీ డౌన్ అయింది" అన్నా ఈయన ఇంజన్ దించమనే అంటాడు.

మైక్రాన్_మాస్టారు
మైక్రోమీటరూ అంత అమాయకమైనదేం కాదు. స్టీలు మీటరుకి, డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. పిన్ పది డిగ్రీలు వేడెక్కితే 6 మైక్రాన్ల తేడా. అంటే ఇప్పుడే వేడి నీళ్ళతో కడిగిన క్రాంక్‌ని చల్లటి మైక్రోమీటర్‌తో కొలిస్తే రీడింగ్ అక్కడే తప్పుతుంది. రెండూ ఒకే గదిలో రాత్రంతా ఉండాలి, ముందు సెట్టింగ్ రాడ్‌తో (కొలత తెలిసిన కడ్డీ) జీరో చూసుకోవాలి. బోర్ గేజ్‌ని అదే మైక్రోమీటర్ మీద సెట్ చేస్తే మైక్రోమీటర్‌లో కొద్దిపాటి తప్పున్నా రెండు వైపులా కొట్టుకుపోతుంది, ఎందుకంటే మనకి కావాల్సింది తేడా మాత్రమే.

ప్లాస్టీగేజ్‌కి దాని పని దానికుంది. ఇలా పిన్ పొడవు వెంట తేడాని ఒక్క చూపులో చూపించడం మైక్రోమీటర్‌కి అంత తేలిక కాదు. అది చూపించనిది ఓవాలిటీ. పిన్ కోడిగుడ్డులా అయినా, మైనం పెట్టిన చోట బాగుంటే బాగుందనే అంటుంది.

టార్క్_తమ్ముడు
నాలుగోది 0.051 వచ్చింది, లిమిట్ 0.050. దాన్నెవరూ పట్టించుకోరేం?

కొలతే_దైవం
0.051 అంటే రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంగుళాల స్కేల్‌ని మి.మీ.లోకి మార్చిన అంకె. ఆ స్కేల్‌లో ఒక మైక్రాన్ మీద గొడవపడటానికి ఏమీ లేదు. చూశారా, అందుకే మైక్రోమీటర్ అనేది.

రెండోగేరు
సైడ్ ప్లే చూశారా? ఫీలర్ గేజ్ పెట్టి రాడ్‌కీ క్రాంక్ వెబ్‌కీ (పిన్ పక్కనుండే గోడ) మధ్య?

నట్టూబోల్టూ
నాలుగూ 0.20, 0.25 మధ్యే, అది ఓకే. రాడ్ చేత్తో పక్కకి కదులుతుంది, అది మామూలే అని చదివా. పైకీ కిందకీ మాత్రం మూడోది ఒక్కటే చేతికి తెలుస్తోంది.

డీజిల్_బాబాయ్
క్యాప్ తిరగేసి పెట్టుంటాడు పాత మెకానిక్. అలా పెట్టిన బండ్లు చాలా చూశా. షెల్ నాలుకలు రెండూ ఒకే పక్కకి ఉండాలి, నంబర్లు ఎదురెదురుగా రావాలి.

నట్టూబోల్టూ
బాబాయ్, ఇవి విరిచి చేసిన రాడ్లు, ఒకే ముక్కగా చేసి క్యాప్‌ని విరిచి విడదీస్తారు. అతుకు దగ్గర గరుకుగా, రాయి పగిలినట్టు ఉంది. తిరగేస్తే కూర్చోదు, వేరే రాడ్ క్యాప్ కూడా పట్టదు.

రెంచ్_రాణి
అయితే ఆ విరిగిన ముఖాల్ని బెంచీ మీద బోర్లా పెట్టకు. ఒక్క గింజ రాలినా, అక్కడ మన్ను ఇరుక్కున్నా క్యాప్ సరిగ్గా కూర్చోదు. గుర్తు కోసం పంచ్ కొట్టకు, మార్కర్‌తో రాసుకో.

నట్టూబోల్టూ
షెల్స్ కడిగి చూశా. మాస్టారు అడిగినట్టు విడివిడిగా రాస్తున్నా.

పై షెల్ (రాడ్‌లోది): చాలా భాగం మసక బూడిద రంగు. ఫ్లైవీల్ వైపు అంచున గోరు వెడల్పు పట్టీలా ఎర్రగా రాగి బయటపడింది. ఆ పట్టీ సరిగ్గా అంచు దగ్గర ముదురుగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ బూడిద రంగులో కలిసిపోయింది. టైమింగ్ వైపు అంచు కొత్తదానిలా ఉంది.

కింది షెల్ (క్యాప్‌లోది): రాగి లేదు. కానీ టైమింగ్ వైపు అంచు మిగతాదాని కన్నా మెరుస్తోంది. ఫ్లైవీల్ వైపు మెరుపు లేదు.

మిగతా మూడు జతల్లో అరుగుదల మధ్యలో, రెండు అంచులకీ సమానంగా ఉంది.

మైక్రాన్_మాస్టారు
పై షెల్‌లో ఫ్లైవీల్ అంచు, కింది షెల్‌లో టైమింగ్ అంచు. ఐమూలగా. చెత్త పడి అరిగితే ఇలా రాదు, గీతలు పడతాయి. ఆయిల్ అందక అరిగితే వెడల్పంతా అరుగుతుంది. షెల్ వెనక మట్టి ఇరుక్కుంటే ఒక్కచోట మచ్చలా మెరుస్తుంది, వెనక వైపు దానికి జోడు గుర్తు ఉంటుంది. ఇలా ఎదురెదురు మూలలు అరగడం వంగిన రాడ్ లక్షణం. మండినప్పుడు పడే బరువంతా పై షెల్ మీదే కాబట్టి పైన రాగి తేలింది, కింద మెరుపుతో ఆగింది. మీ ప్లాస్టీగేజ్ ఫ్లైవీల్ వైపు లూజు చూపించడం కూడా దీనికి సరిపోయింది.

కంప్రెషన్ చూశారా ఎప్పుడైనా?

నట్టూబోల్టూ
మొదట్లోనే చూశా. 12, 12, 11, 12 బార్. మూడోది ఒకటి తక్కువ, కానీ లిమిట్ లోపలే కదా అని వదిలేశా.

గ్రీజు_చొక్కా
నేను పైన చెప్పలేదా, మూడో రాడ్‌కి అన్నీ తెలుసని.

కొలతే_దైవం
ఒక్క బార్ తేడాకి రింగులు, వాల్వులు, ఇంకా సవాలక్ష కారణాలు. రాడ్ వంగిందని అప్పుడే తీర్పు చెప్పేస్తే ఎలా?

మైక్రాన్_మాస్టారు
నిజమే, ఒక్క కంప్రెషన్‌తో తేలదు. వంగిన రాడ్ పొట్టిదవుతుంది, పిస్టన్ పైకి పూర్తిగా రాదు. హెడ్ తీసి, నాలుగు పిస్టన్లూ ఒక్కొక్కటిగా టీడీసీలో (పిస్టన్ అన్నిటికన్నా పైకొచ్చే చోట) ఉన్నప్పుడు బ్లాక్ పైముఖం నుంచి ఎంత లోతున ఉన్నాయో డెప్త్ గేజ్‌తో చూడండి. మూడోది మిగతావాటికన్నా కిందుంటే ఇక వాదన అక్కర్లేదు. పిస్టన్ స్కర్ట్ (రింగుల కింది భాగం) మీద కూడా అరుగుదల ఐమూలగా ఉంటుంది, అది తీశాక చూడొచ్చు.

ఈలోగా హెడ్ తియ్యకుండా చేసే పని ఒకటుంది. మూడోదానికి కొత్త స్టాండర్డ్ షెల్స్ వేసి మళ్ళీ ప్లాస్టీగేజ్ పెట్టండి. అరుగుదలంతా షెల్‌లోదే అయితే రెండు చివరలూ సమానమవుతాయి. ఇంకా తేడా మిగిలితే అది పిన్‌ది.

రెండోగేరు
నీళ్ళు తాగిన ఇంజన్ అయ్యుంటుంది. వరద నీళ్ళలోకి తోలితే గాలి బదులు నీళ్ళు లోపలికి పోతాయి, నీళ్ళు నలగవు, రాడ్ వంగుతుంది. మళ్ళీ స్టార్ట్ అయితే ఏమీ కాలేదనుకుని అమ్మేస్తారు.

నట్టూబోల్టూ
ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఎండిన బురద గీత ఒకటి ఉందన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది...

డీజిల్_బాబాయ్
ఇక ఆయిల్ మార్చమని నేను చెప్పనులే.

నట్టూబోల్టూ
కొత్త షెల్స్ వేసి చూశా. ఫ్లైవీల్ వైపు 0.051, టైమింగ్ వైపు 0.038. తేడా తగ్గింది గానీ పోలేదు.

టార్క్_తమ్ముడు
రెండూ లిమిట్‌లోనే ఉన్నాయిగా! కొత్త షెల్స్ అలాగే వదిలేసి పాన్ బిగించెయ్యొచ్చు కదా?

రెంచ్_రాణి
బిగించొచ్చు. రాడ్ వంకర అలాగే ఉంటుంది, కొత్త షెల్ కూడా అదే అంచున అరుగుతుంది. మళ్ళీ ఇదే థ్రెడ్ పైకి లేపుతాడు.

మైక్రాన్_మాస్టారు
మిగిలిన ఆ 0.013 పిన్ టేపర్ (ఒక చివర లావు, ఇంకో చివర సన్నం) అయ్యుండాలి. హెడ్ ఎలాగూ తియ్యాలి, క్రాంక్ కూడా బయటికి తీసి మైక్రోమీటర్‌తో చూడండి. పిన్ మీద రెండు చివరలా, ఒక్కో చివర ఒకదానికొకటి 90 డిగ్రీల్లో, మొత్తం నాలుగు రీడింగులు.

కొలతే_దైవం
మొత్తానికి ఇంజన్ దించాల్సిందే. ఎవరన్నారో గుర్తుందా?

గ్రీజు_చొక్కా
ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరైన టైమే చూపిస్తుంది సార్.

నట్టూబోల్టూ
దించా. మూడో పిస్టన్ మిగతా మూడింటికన్నా 0.6 మి.మీ. కిందుంది. స్కర్ట్ మీద ఒక పక్క పైన, ఇంకో పక్క కింద గీసుకుపోయింది. రాడ్‌ని చదునైన అద్దం మీద పెట్టి చూస్తే నాకేమీ తెలియలేదు, అలైన్‌మెంట్ ఫిక్చర్ మీద పెట్టగానే వంకర తేలింది.

క్రాంక్ మూడో పిన్: టైమింగ్ వైపు 47.988, ఫ్లైవీల్ వైపు 47.976. ఓవాలిటీ 0.003. మాన్యువల్‌లో టేపర్‌కీ ఓవాలిటీకీ లిమిట్ 0.005. మిగతా మూడు పిన్‌లూ 47.985కి రెండు మైక్రాన్లు అటూ ఇటూ.

మైక్రాన్_మాస్టారు
0.012 టేపర్. ప్లాస్టీగేజ్ చెప్పింది 0.013. @కొలతే_దైవం, కాలక్షేపానికి ఇది చాలా?

కొలతే_దైవం
సరే, ఒప్పుకున్నా. ఈసారికి.

రెండోగేరు
ఒక్క పిన్ కోసం నాలుగూ గ్రైండ్ చెయ్యాలా? మూడోది ఒక్కటే పాలిష్ కొట్టిస్తే?

మైక్రాన్_మాస్టారు
పాలిష్‌తో గీతలు పోతాయి, టేపర్ పోదు. 12 మైక్రాన్లు పాలిష్ పట్టీతో తియ్యబోతే పిన్ ఆకారమే చెడుతుంది. మూడోదొక్కటే 0.25 మి.మీ. అండర్ సైజుకి (మామూలు కొలత కన్నా అంత సన్నగా) గ్రైండ్ చేసి మిగతావి స్టాండర్డ్‌లో ఉంచడం కుదరనిదేం కాదు, కానీ షెల్స్ సెట్‌గా దొరుకుతాయి, పైగా రేపు ఇంకొకడు విప్పితే తికమకపడతాడు. నాలుగూ 0.25కి దించడమే మా షాపులో అలవాటు. గ్రైండర్‌కి ఒక మాట చెప్పండి: పిన్ అంచున వెబ్‌లో కలిసే చోట గుండ్రటి వంపు ఎంతుందో అంతే ఉంచమనండి. అది పదునైన మూల అయితే క్రాంక్ అక్కడే చిట్లుతుంది. పెద్ద వంపైతే షెల్ అంచు దాన్ని రాసుకుంటుంది.

ముందు ఆ 0.25 షెల్స్ మీ ఇంజన్‌కి దొరుకుతాయో లేదో కనుక్కోండి. కొన్ని కొత్త ఇంజన్లకి కంపెనీ అండర్ సైజు ఇవ్వదు. రంగు గుర్తులతో కొన్ని మైక్రాన్ల తేడా ఉన్న స్టాండర్డ్ షెల్స్ మాత్రమే ఇస్తారు. అలాంటివాటిలో పిన్ పోతే క్రాంక్ మార్చడమే. షెల్స్ చేతికొచ్చాకే క్రాంక్ రాయి ఎక్కాలి.

నట్టూబోల్టూ
దొరుకుతున్నాయి, కనుక్కున్నా. రాడ్ సరి చేయించాలా, కొత్తదా?

మైక్రాన్_మాస్టారు
కొత్తదే. విరిచి చేసిన రాడ్‌ని ప్రెస్‌లో పెట్టి సరిచెయ్యమని నేనెవరికీ చెప్పను. బరువు మిగతా మూడింటికి దగ్గరగా ఉండేలా చూసుకోండి.

డీజిల్_బాబాయ్
ఒక్కటైనా పనికొచ్చే మాట చెప్పి పోతా. ఆయిల్ పంప్ కూడా విప్పి చూడు, రాగి పొడి దాంట్లోంచే పోయింది. క్రాంక్ లోపలి ఆయిల్ దారుల్లో బ్రష్ దూర్చి కడిగించు. గ్రైండింగ్ పొడి అక్కడే దాక్కుంటుంది, కొత్త షెల్‌ని మొదటి స్టార్ట్‌లోనే తినేస్తుంది.

రెంచ్_రాణి
బాబాయ్, దీనికి నా లైకు. పాత ఆయిల్ ఫిల్టర్‌ని కూడా కోసి చూడు నట్టూ, కాగితం మడతల్లో ఎంత రాగి ఉందో తెలుస్తుంది.

నట్టూబోల్టూ
గ్రైండింగ్ అయి వచ్చింది. నాలుగు పిన్‌లూ 47.742 దగ్గర, టేపర్ 0.002 దాటలేదు. షెల్స్ వేసి, పాత బోల్టులతో పూర్తిగా బిగించి, అతుకుకి 90 డిగ్రీల్లో బోర్ గేజ్ పెడితే మూడోది 47.780. అంటే 0.038. @కొలతే_దైవం కోసం బోర్ గేజ్, @మైక్రాన్_మాస్టారు కోసం ప్లాస్టీగేజ్, రెండూ పెట్టా. ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పు, నాలుగింటికీ 0.038.

టార్క్_తమ్ముడు
అతుకు దగ్గర ఎందుకు కొలవకూడదు?

కొలతే_దైవం
షెల్ అక్కడ కావాలనే పలచగా చేస్తారు, క్లియరెన్స్ ఎక్కువ వస్తుంది. అది చూసి బెంబేలెత్తి క్యాప్ రుద్దేవాళ్ళున్నారు. పేర్లు చెప్పను.

డీజిల్_బాబాయ్
వింటున్నా.

రెంచ్_రాణి
మైనం పూర్తిగా తుడిచావా? గోకకు, ఆయిల్ పూసి మెత్తటి గుడ్డతో తీసెయ్. షెల్ వెనక మాత్రం పొడిగా ఉండాలి, ఆయిల్ చుక్క కూడా వద్దు. కొత్త బోల్టులు వచ్చాయా?

నట్టూబోల్టూ
వచ్చాయి. పాతవి వేరే కవర్లో వేసి పైన "చెకింగ్‌కి మాత్రమే" అని రాసిపెట్టా. స్టార్ట్ చేసేముందు ఇంజెక్టర్ కనెక్టర్లూ కాయిళ్ళూ పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ మీద తిప్పుతా. సరిపోతుందా?

మైక్రాన్_మాస్టారు
సరిపోతుంది. బిగించేటప్పుడు పంప్ లోపల కాస్త ఆయిల్ పొయ్యండి, త్వరగా లాగుతుంది. స్టార్టర్‌ని ఏకబిగిన తిప్పకండి, మధ్యమధ్యలో చల్లారనివ్వండి.

గ్రీజు_చొక్కా
ఆ వంగిన రాడ్ పారెయ్యకు. పేపర్ వెయిట్‌గా బావుంటుంది.